అరువు తెచ్చిన కళ్ళు

2003 ఆగస్టు 26, మంగళవారం, ఉదయం 10 గంటల 20 నిమిషాలు. బాన్సువాడలో తెల్లవారింది మొదలు ముసురు పట్టి ఉంది. పెద్ద వాన కాదు, ఆగే వానా కాదు. బస్టాండు రోడ్డులో నేను పనిచేసే ఫొటో స్టూడియో ముందు ఒక ఆటో ఆగింది. అందులోంచి ఒక ముసలి తల్లి, ఆమె చిన్న కొడుకు, చిన్న కోడలు దిగారు. కొడుకు చంకలో యూరియా సంచిలో చుట్టిన పటం ఉంది. ముందురోజు సాయంత్రం అయిదు గంటలకు ఆ పటాన్ని వాళ్ళకు అప్పగించింది నేనే. పదిహేడు గంటల ఇరవై నిమిషాల్లో అది తిరిగి వచ్చింది.

ఇప్పుడు ఈ పని చేస్తున్న యువకుల కోసం ఇది రాస్తున్నాను. ముఖాన్ని దిద్దడం మీకు అరనిమిషం పని. మీ వేగాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ వేగం నా చేతికి మొదటిసారి అందినప్పుడు నేనేం చేశానో చెప్పడమే ఉద్దేశం. తేదీలు నా డైరీలో ఉన్నాయి. జ్ఞాపకం మీద నాకు నమ్మకం తక్కువ.

నేను ఆ స్టూడియోలో టచింగ్ పనికి చేరింది 1974లో. అప్పట్లో టచింగ్ అంటే నెగెటివ్ మీద సన్నని పెన్సిల్‌తో, అచ్చయిన ఫొటో మీద సున్నా నంబరు కుంచెతో చేసే పని. మచ్చలు తీయడం, మడతలు పూడ్చడం, అన్నిటికంటే కష్టమైనది మూసిన కళ్ళు తెరిపించడం. మా చుట్టుపక్కల ఊళ్ళలో బతికి ఉండగా ఒక్క ఫొటో కూడా దిగని రైతులు చాలామంది ఉండేవారు. మనిషి పోయాక, పాడె ఎక్కించే ముందు స్టూడియోకు కబురు వచ్చేది. మా ఫొటోగ్రాఫరు వెళ్ళి ముఖం తీసుకొచ్చేవాడు. పదకొండో రోజుకు పటం కావాలి, పటంలో మనిషి కళ్ళు తెరిచి ఉండాలి. ఆ కళ్ళను నేను కుంచెతో వేసేవాణ్ణి. అవి ఎవరి కళ్ళూ కావు. పోయినవారి ముఖంలో ఇమిడిపోయేవి. ఇంటివాళ్ళు కొంచెం ఏడ్చి, కొంచెం సర్దుకుని తీసుకువెళ్ళేవారు.

2002 జూలైలో మా యజమాని కంప్యూటరు తెచ్చాడు. మేమంతా ఆయనను సేఠ్ అనేవాళ్ళం. నన్ను ఆయన ఉస్తాద్ అని పిలిచేవాడు. కంప్యూటరుతో పాటు ఒక ఆపరేటరు కూడా వచ్చింది. నిజామాబాద్‌లో కోర్సు నేర్చుకున్న ఇరవై ఆరేళ్ళ అమ్మాయి, రోజూ బీర్కూర్ బస్సులో వచ్చి పోయేది. బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్ నాకు నేర్పింది ఆమే. అందులో కుంచె ఉంది, రబ్బరు ఉంది, రంగుల పళ్ళెం ఉంది, అన్నీ మౌసు కొసన ఉన్నాయి. నాకు అప్పటికి యాభై ఆరేళ్ళు. మొదటిరోజు ఒక కనురెప్ప గీత కోసం నలభై సార్లు ప్రయత్నించాను. పనికి వచ్చినవి మూడు. సాయంత్రం అలవాటు కొద్దీ మౌసును గుడ్డతో తుడుస్తుంటే ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది.

"కాకా, గా మౌసుకు రంగేం అంటలేదు. ఎందుకట్ల తోముతున్నవ్?"

"ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటమ్మా."

"అయితే రేపు సబ్బు తెస్త, తానం గూడ పోద్దువు."

ఆ సాఫ్ట్‌వేర్‌లో కుంచె కంటే నాకు బాగా నచ్చింది మరొకటి. దాన్ని ఆపరేటరు స్టాంపు అనేది. ఒకచోటి చర్మాన్ని ఎత్తి, మరోచోట ఉన్నదున్నట్టు పెడుతుంది. వయసుతో వణుకు మొదలైన చేతికి అంతకంటే ఏం కావాలి? కుంచె అయితే నేను గీయాలి. స్టాంపు అయితే అదే తెచ్చి పెడుతుంది. మూడు నెలలు గడిచేసరికి పోయినవారికి కళ్ళు గీయడం మానేశాను. ఇంట్లో పోలిక ఉన్న మనిషిని పిలిపించి, దీపాల కింద కూర్చోబెట్టి ఫొటో తీసి, ఆ కళ్ళను ఎత్తి పెట్టడం మొదలుపెట్టాను. అవి కుంచె కళ్ళకంటే వందరెట్లు సజీవంగా ఉండేవి. సేఠ్ వచ్చిన వాళ్ళందరికీ చూపించి మురిసిపోయేవాడు.

ఇక ఆ కుటుంబం సంగతి. బీర్కూర్ వైపు ఊరు, నిజాంసాగర్ కాలువ కింద వరి, కొంత చెరుకు. పెద్ద కొడుకు వయసు ముప్పై ఎనిమిది, పెళ్ళి చేసుకోలేదు. ఆగస్టు 16న బోరు మోటారు దగ్గర కరెంటు షాకుతో పోయాడు. అతడికి కెమెరా అంటే సిగ్గు. తమ్ముడి పెళ్ళిలో వంటల దగ్గర నిలబడి తప్పించుకున్నాడట. ఓటరు కార్డులకు ఫొటోలు దించిన రోజు పొలానికి నీళ్ళు కట్టడానికి వెళ్ళాడట. భూమి పాసు పుస్తకం ఇంకా తండ్రి పేరుమీదే ఉంది. లోకంలో అతడి ముఖం నిలిచింది పాడె మీద తీసిన ఒకే ఒక్క నెగెటివ్‌లో.

17వ తేదీ ఆదివారం ఆ ఫొటోను కంప్యూటరులోకి ఎక్కించాను. 18న వాళ్ళు వచ్చి అచ్చునూ నెగెటివ్‌నూ తీసుకుపోయారు. కళ్ళు మూసిన ముఖం ఇంట్లో ఉండకూడదని తల్లి పట్టుబట్టింది. మూడో రోజు బూడిదతో పాటు రెండింటినీ మంజీరలో కలిపారు. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా నేను చేసింది వినండి.

20వ తేదీ బుధవారం తమ్ముణ్ణి పిలిపించాను. "మీ పోలికలు ఒకసారి చూడాలి, కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. అతడి రెండు కళ్ళనూ ఎత్తి అన్న ముఖంలో పెట్టాను. పని పొరలు పొరలుగా సాగుతుంది, అద్దం మీద అద్దం పేర్చినట్టు. పొరలు పెరిగేకొద్దీ మా యంత్రం మొరాయించేది. అందుకని అన్ని పొరలనూ ఒకటిగా కలిపేశాను.

"కాకా, కలుపుతే కలుపు గని, అసలుదాన్ని ఇంకో పేరు మీద దాచిపెట్టు," అన్నది ఆపరేటరు.

"ఒక మనిషికి ఒక నెగెటివ్ అమ్మా. రెండెందుకు?" అని, అదే పేరుతో, అసలు ఫొటో మీదనే భద్రపరిచాను. నెగెటివ్ మీద ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసినవాడు మాత్రమే చేయగల తప్పు అది. నెగెటివ్ ఒక వస్తువు, అది ఉన్నచోటే ఉంటుంది. కంప్యూటరులోది వస్తువు కాదన్న సంగతి నా బుద్ధికి తెలుసు, చేతికి తెలియదు.

ఇప్పుడు మళ్ళీ ఆ మంగళవారానికి.

"సారూ, గీ పటం మాకొద్దు," అన్నది చిన్న కోడలు, గడప దాటకముందే.

సంచి విప్పాను. అద్దం మీద కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

"ఏమైందమ్మా? పోలిక కుదరలేదా?"

"పోలికా? మంచిగనే కుదిరింది. మా బావది గాదు, మా ఆయనది. గా ఎడమ రెప్ప మీద గాటు సూడున్రి. చెరుకు కొట్టంగ ఆకు కోసింది, పసుపు పెట్టింది నేను. నాకు ఎరుకుండదా? బతికున్న మనిషి కండ్లకు దండ ఏస్తరా ఎవలన్న?"

"ఊకోవే. సారు కావాలని జేసిండా?" అన్నాడు తమ్ముడు నేలచూపుతో.

"నువ్వూకో. కండ్లిచ్చి వచ్చింది నువ్వు."

"నేనియ్యలే! సూడనీకె కూసోమన్నడు, కూసున్న."

ఆ మాట నిజం. చూడటానికని చెప్పి తీసుకున్నాను. పటాన్ని వెలుతురుకు వంచి చూస్తే గాటు స్పష్టంగా ఉంది. అంతకంటే చిన్నది ఇంకొకటి కనిపించింది. రెండు కంటిపాపల్లోనూ తెల్లని గొడుగు మెరుపు ఉంది. అది మా స్టూడియో లైటు గొడుగు. ఆ లైటు కింద ఎన్నడూ కూర్చోని మనిషి కళ్ళలో అది వెలుగుతోంది. ఆ పటం మీద నేను అయిదు రోజులు పనిచేశాను. ఒక్కసారి కూడా ఆ మెరుపును చూడలేదు.

తల్లి బల్ల మీద కూర్చుంది. ఆమె గొంతు పెంచలేదు.

"నాయినా, పొద్దుగాల మొక్కుదామని పటం ముందట నిలవడ్డ. చిన్నోడు సచ్చిండా అన్నట్టు గనవడ్డది. చిన్నోని కండ్లు నాకు ఇంట్లనే ఉన్నయి. పెద్దోనియి గావాలె. ఒంటిగంటకు సుట్టాలంత బువ్వకు కూసుంటరు. అంతకంటె ముందు వానికి ఇస్తారి పెట్టాలె. పటం లేకుంటె ఇస్తారి ఎవలి ముందట పెట్టుదు?"

వాళ్ళ ఊరికి ఆటోలో ముప్పై అయిదు నిమిషాలు. పైగా అప్పట్లో మా ఊళ్ళో మధ్యాహ్నం కరెంటు కోత పన్నెండు గంటలకు మొదలయ్యేది. అంటే గంటన్నర లోపల పని పూర్తి కావాలి.

సేఠ్ లోపలినుంచి వచ్చాడు. "ఫికర్ నక్కో అమ్మా. ఉస్తాద్, కళ్ళు మూసినదే మళ్ళా తీయ్, మొదటి నుంచి చేద్దాం."

"లేదు సేఠ్."

"లేదంటే? కంప్యూటర్‌ల ఉంటది గదా."

"దాని మీదనే భద్రపరిచాను."

"ఫిలిం?"

"మంజీరలో కలిపారు."

ఆయన నెగెటివ్ కవర్లు దాచే బీరువా వైపు చూశాడు. "ఇన్నేండ్లల్ల నీ దగ్గర ఒక్క కవర్ పోలేదు ఉస్తాద్. ఆఖర్కి ఈ గరీబ్‌దే పోవాల్నా?"

ఆపరేటరు "నేను చెప్పిన గదా" అనలేదు. అని ఉంటే తేలికగా ఉండేది. "జరుగు కాకా, ఓసారి దేవులాడి సూస్త," అని ఎనిమిది నిమిషాలు యంత్రమంతా వెతికింది. సాఫ్ట్‌వేర్‌లో ఇరవై అడుగులు వెనక్కి పోయే వీలుంది, కానీ ఫైలు మూసి తెరిచాక ఆ ఇరవై కూడా ఉండవు. 10 గంటల 41 నిమిషాలకు ఆమె కుర్చీ వదిలి నన్ను కూర్చోమంది.

మిగిలింది ఒకే దారి. తమ్ముడి కళ్ళు తీసేయాలి, అన్న కళ్ళు గీయాలి. గీయడానికి నా ముందు ఏమీ లేదు. స్టాంపుతో అన్న చెంప చర్మాన్నే ఎత్తి కళ్ళ చోట పూడ్చాను. కొన్ని నిమిషాలపాటు తెరమీద కళ్ళే లేని ముఖం ఉంది. తల్లి దాన్ని చూసి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తెరను గోడవైపు తిప్పుకున్నాను.

నాకు పని నేర్పిన గురువు ఒక నియమం చెప్పేవాడు. కన్ను నీ చేత్తోనే గీయి, గీసేటప్పుడు బతికున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టకు అనేవాడు. కారణం చెప్పలేదు. నేను అడగలేదు. మూఢనమ్మకం అనుకుని పక్కన పెట్టాను. కారణం తెలిసేనాటికి నాకు యాభై ఏడేళ్ళు, గడియారంలో 10 గంటల 55 నిమిషాలు.

"అమ్మా, మీ పెద్దబ్బాయి కళ్ళు ఎలా ఉండేవి?" అని అడిగాను.

"ఎట్లుంటయి నాయినా, కండ్ల లెక్కనే ఉండె."

ఇలా అడిగితే లాభం లేదని, "మీతో మాట్లాడేటప్పుడు ఎటు చూసేవాడు?" అన్నాను.

ఆమె ఆలోచించింది. "నా దిక్కు సూసి ఎన్నడు మాట్లాడలే. కిందికే సూసెటోడు. బువ్వడిగినా కిందికే, కోపమొచ్చినా కిందికే."

"నవ్వినప్పుడు?"

"నవ్వుతె ఎద్దు దిక్కు సూసెటోడు," అన్నాడు తమ్ముడు. "ఎద్దుకు చెప్పినట్టే చెప్పెటోడు మాకు గూడ."

"ఎద్దన్న ఇనె, నువ్వెన్నడిన్నవ్?" అన్నది అతడి భార్య. ఆ మాటకు తల్లి మొదటిసారి నవ్వింది, వెంటనే ఏడ్చింది.

నాకు దారి దొరికింది. ఇరవై తొమ్మిదేళ్ళుగా నేను వేసిన ప్రతి జత కళ్ళూ సూటిగా చూసేవి, ఎందుకంటే పటంలో మనిషి చూడాలని అందరూ కోరతారు. ఈ మనిషి ఎవరినీ సూటిగా చూసినవాడు కాదు. రెప్పలు సగం దించాను. కుంచె సైజు మూడు, రంగు చిక్కదనం నూటికి పదిహేను. చేయి వణికినప్పుడల్లా ఆపరేటరు వెనక్కి పోయే మీట నొక్కేది, నేను మళ్ళీ గీసేవాణ్ణి.

చిన్న కోడలు ఎప్పుడు నా కుర్చీ వెనక్కి వచ్చిందో తెలియదు.

"ఇంకింత సిన్నగ సారూ. మా బావ కన్ను గంత పెద్దగుండది."

తగ్గించాను.

"తెల్లగుడ్డు గంత తెల్లగ ఒద్దు. ఎర్రజీరలుండె, ఎండల పనిజేసెటోడు గదా."

"నీకెట్ల ఎరుక? బావ మొకం దిక్కు సూసినవా నువ్వు?" అన్నాడు భర్త.

"తొమ్మిదేండ్లు బువ్వ పెట్టిన. కిందికి సూసే మనిషి కండ్లు కింద కూసున్నోళ్ళకే గనవడుతయి."

ఆ ఇంట్లో అతడి కళ్ళు చూసినది ఈ ఒక్కతే అని అప్పుడు తెలిసింది. పటం వద్దని చెప్పడానికి వచ్చినామె దగ్గరుండి చెబుతుంటే నేను గీశాను. చివర మెరుపు చుక్క పెట్టాలి. అలవాటు కొద్దీ పైన పెట్టబోయి ఆగాను. మడిలో వంగి నీళ్ళు కట్టే మనిషి కంట్లో వెలుగు నీళ్ళ మీద పడి కింది నుంచి వస్తుంది. కింద పెట్టాను.

11 గంటల 46 నిమిషాలకు, ఈసారి వేరే పేరుతో భద్రపరిచి, ప్రింటు ఇచ్చాను. మా ప్రింటరు ఆ సైజు ఫొటోకు ఏడు నిమిషాలు తీసుకునేది. జుట్టు వచ్చింది, నుదురు వచ్చింది, కళ్ళు వచ్చాయి, మీసం వచ్చింది. 11 గంటల 50 నిమిషాలకు, కోతకు పది నిమిషాల ముందే, కరెంటు పోయింది. బ్యాటరీ పెట్టె కీచుమంటూ రెండు నిమిషాలు లాగి చల్లబడింది. కాగితం చివరి రెండు అంగుళాలు తెల్లగా మిగిలిపోయాయి.

"చొక్కాయే గదా కాకా," అన్నది ఆపరేటరు.

సేఠ్ కత్తెర తీసుకుని ఆ తెలుపును కత్తిరించాడు. పాత పటం చట్రం విప్పి, అద్దం మీది కుంకుమ తుడిచి, కొత్త ఫొటో బిగించాడు. కింద ఖాళీలో నల్ల అట్ట పెట్టాడు.

తల్లి పటాన్ని వాకిట్లోకి తీసుకుపోయి, ముసురు వెలుతురులో చాలాసేపు చూసింది.

"నన్ను సూస్తలేడు గదా నాయినా?"

"లేదమ్మా. కిందికి చూస్తున్నాడు."

"గట్లనే ఉంటడు," అన్నది. బాగుందని ఆమె అనలేదు. కోడలు వచ్చి పటాన్ని అత్త చేతుల్లోంచి తీసుకుని, తన కొంగు కప్పి ఆటో ఎక్కింది. అప్పుడు 12 గంటల 4 నిమిషాలు. వేళకు చేరారని తర్వాత ఆ దారిన వచ్చిన ఆటో డ్రైవరు చెప్పాడు.

ఆ మధ్యాహ్నం కరెంటు లేదు గనుక పనీ లేదు. రిజిస్టరు ముందు పెట్టుకుని 2002 నుంచి నేను తెరిపించిన కళ్ళ పేజీలన్నీ తిప్పాను. బతికున్న మనిషి కళ్ళు ఎత్తి పెట్టిన పటాలు, ఆ పొద్దు వచ్చినదానితో కలిపి, పద్నాలుగు తేలాయి. మిగిలిన పదమూడూ ఇళ్ళ గోడల మీద దండలతో ఉన్నాయి. వాళ్ళలో ఎవరూ ఫిర్యాదు చేయలేదు. గుర్తుపట్టలేదో, గుర్తుపట్టి లోలోపల భయపడుతున్నారో నాకు తెలియదు. తెలుసుకోకుండా ఉండలేకపోయాను.

సేఠ్‌కు చెప్పాను. "మనంతట మనం పోయి తప్పు చేసినమని చెప్పాల్నా? దుకాణం మూస్తరు ఉస్తాద్," అన్నాడు. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మూడో రోజు, "ఆదివారాలు పో. కాగితం, చట్రం దుకాణానివే," అన్నాడు.

2003 సెప్టెంబరు నుంచి 2004 మార్చి వరకు ఆదివారాలు బస్సుల్లో తిరిగాను. ఒక ఇంట్లో చాయ్ ఇచ్చారు. ఒక ఇంట్లో గొడ్డలి చూపించారు. నిజాంసాగర్ దగ్గర ఒక ఊళ్ళో తండ్రి పటంలో తన కళ్ళున్నాయని విన్న కొడుకు అద్దం తెచ్చి పక్కన పెట్టుకుని చాలాసేపు పోల్చి చూశాడు, ఆ పటం ముందు ఏడాదిగా తనకే తను మొక్కుకుంటున్నానని నవ్వాడు, నవ్వాక మార్చమన్నాడు. ప్రతి ఇంట్లోనూ పోయిన మనిషి ఎటు చూసేవాడని అడిగి రాసుకున్నాను, తిరిగి వచ్చి కుంచెతోనే గీశాను. మోకాళ్ళు అప్పుడే పాడయ్యాయి.

చివరిది బిచ్కుందలో. ఒంటరిగా ఉన్న ఒక అవ్వ. పెద్ద కొడుకు జ్వరంతో పోయాడు. కళ్ళు ఎత్తింది రెండో కొడుకువి. ఆ తర్వాత ఆ రెండోవాడు దుబాయ్ పోయాడు. నేను తప్పు ఒప్పుకున్నాను, ఉచితంగా మార్చి ఇస్తానన్నాను. ఆమె గోడ దగ్గరకు పోయి, నేను తీసుకుపోతానేమోనన్నట్టు పటం మీద చెయ్యి వేసింది.

"నాకు మొదటి దినమే ఎరుకైంది సారూ. ఉండనియ్. ఒకడు మట్టిల ఉన్నడు, ఒకడు దుబాయ్‌ల ఉన్నడు. ఇద్దర్ని ఒక్కకాడ సూస్కుంటున్న."

నమస్కరించి బస్సు ఎక్కాను. ఆ తర్వాత 2009లో పని మానేవరకు స్టాంపును మచ్చలకూ మడతలకూ వాడాను, కళ్ళకు వాడలేదు.

మొత్తం పటాలు పద్నాలుగు, కళ్ళు ఇరవై ఎనిమిది. మార్చినవి ఇరవై ఆరు. మార్చనివి రెండు.